చెప్పుకోక తప్పని మాట

(గోరా స్మృతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాస్తికుడు గోరా గారిని తలచుకునే సభలో ఆయన జీవితచరిత్రను మొదటినుంచి చెప్పుకురావడం అనవసరం. ఇక్కడ కూర్చున్న చాలామందికి అది నాకన్నా బాగా తెలుసు. ఆయన లాంటివాళ్ల మీద ఎప్పుడూ వినిపించే ఒక్క అభియోగాన్ని మాత్రం ఈ సాయంత్రం విచారణకు తీసుకుంటాను. "దేవుడు లేడనుకుంటే అనుకో, నీ ఇష్టం. నేను నాస్తికుణ్నని ఊరూవాడా చాటుకోవడం దేనికి?" అన్నదే ఆ అభియోగం. ఈ మాట అనేవాళ్లందరూ పగవాళ్లేమీ కారు. ఉద్యోగం పోతుందనో, పిల్లల పెళ్లిళ్లు కావనో, ముసలి తల్లిదండ్రులు కుమిలిపోతారనో మేలుకోరి అనేవాళ్లే ఎక్కువ.

నాస్తికులతోనే కాదు, పేరు చివర 'మాదిగ' అని కలుపుకున్న కుర్రాడితోనూ ఇదే అంటాం. బడి దరఖాస్తులో మతం కాలమ్ ఖాళీగా వదిలేసిన తండ్రితోనూ ఇదే అంటాం. "ఎవరడిగారని చెబుతున్నావు?" అన్నది మన ప్రశ్న. కొందరు మనుషులు నలుగురి ఎదుట తమ మీద ఒక పేరు వేసుకోకుండా ఎందుకు ఉండలేరు? అది అహంకారమా, అవసరమా?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. తప్పుపట్టదలచినవాళ్లకు వీలుగా ఉంటుంది. మనిషి తనకు తానొక పేరు పెట్టుకునే వేళకే లోకం అతనికి మరో పేరు పెట్టేసి ఉంటుంది. అతను నోరు విప్పకపోతే ఆ పేరే ఖాయమవుతుంది. మనకు చాటింపులా వినిపించేది అతని వైపు నుంచి చూస్తే దిద్దుబాటు. అయితే ప్రతి చాటింపూ దిద్దుబాటు కాదు. ఏది దిద్దుబాటో ఏది డాబో తేల్చుకునే మార్గం ఒకటి కావాలి. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు "ఎవరడిగారు?" అన్నదాని సంగతి చూద్దాం. నిజానికి అందరూ అడుగుతూనే ఉన్నారు. విజయవాడలోనో హైదరాబాదులోనో టులెట్ బోర్డు చూసి ఒక ఇంటి మెట్లెక్కండి. ఇంటావిడ మర్యాదగా మంచినీళ్లిస్తుంది. ఎంతమంది ఉంటారు, ఎక్కడ ఉద్యోగం, సొంతూరు ఏది అని అడుగుతుంది. ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి "మీరేమిట్లు?" అంటుంది. మీరు తటపటాయిస్తే "అబ్బే, నాన్‌వెజ్ వండుతారేమోనని" అని సర్దుకుంటుంది. ఇంటిపేరు అడుగుతుంది. ఇంటిపేరుతో తేలకపోతే మీ ఊళ్లో ఫలానావాళ్లు మీకు ఏమవుతారని అడుగుతుంది. మెట్లు దిగే లోపల మీరెవరో ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చేస్తుంది.

ఈ పరీక్ష సునాయాసంగా గట్టెక్కేవాళ్లకు పరీక్ష ఉందనే తెలియదు. వాళ్ల సంగతి ఇంటిపేరు చెబుతుంది, నుదుటి బొట్టు చెబుతుంది, గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ చెబుతుంది. వాళ్లు పగలూ రాత్రీ తమ పేరు చెప్పుకుంటూనే ఉన్నారు. నోటితో చెప్పే అవసరం పడకపోవడం వల్ల చెబుతున్నట్టు వాళ్లకు తోచదు. బారసాలనాడు బియ్యంలో పేరు రాసింది తండ్రి, బడిలో చేర్చేటప్పుడు కులం మతం రాయించింది తండ్రి. పదో తరగతి సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి మన గురించి మనల్ని అడక్కుండానే చాలా సంగతులు రికార్డుకెక్కి ఉంటాయి. వాటితో పేచీ లేనివాడికి బతుకు హాయి. పేచీ ఉన్నవాడు మాత్రం నోరు తెరిచి చెప్పాలి. తెరిస్తే చాటుకుంటున్నాడంటాం.

పోనీ మౌనంగా ఉంటే? మౌనాన్ని ఖాళీగా వదిలేసే అలవాటు లోకానికి లేదు. దాన్ని తన ఖాతాలో జమ వేసుకుంటుంది. 2011 జనాభా లెక్కల్లో మతం తెలియజేయనివారు సుమారు 28 లక్షల 67 వేల మంది. దేశ జనాభాలో 0.24 శాతం. మతం లేదని తెగేసి చెప్పినవాళ్లూ, చెప్పడానికి ఇష్టపడనివాళ్లూ, అసలు ఎవరూ అడగనివాళ్లూ కలిసిపోవడానికి వీలున్న కుప్ప అది. ఇక నమ్మకం లేకపోయినా ఇంటి పెద్ద చెప్పిన మాటకు అడ్డు చెప్పక ఊరుకున్నవాళ్లు ఏ కుప్పలో పడ్డారో వేరే చెప్పక్కర్లేదు.

మౌనం ఎంత సౌకర్యమో, మాట ఎంత ఖరీదో చూపించిన పాత వ్యవహారం ఒకటి ఇంగ్లండులో ఉంది. 1880లో చార్లెస్ బ్రాడ్లా అనే ఆయన నార్తాంప్టన్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చిన పేరుమోసిన నాస్తికుడు. సభలో చేరాలంటే దేవుడి పేరున ప్రమాణం చేయాలి. ప్రమాణానికి బదులు నిష్ఠాపూర్వకంగా ప్రతిజ్ఞ చేస్తానన్నాడు, కుదరదన్నారు. సరే, మీ ప్రమాణమే చేస్తానన్నాడు. నువ్వు నమ్మవు కనక నీ ప్రమాణం చెల్లదన్నారు. ఒక రాత్రి పార్లమెంటు గడియార స్తంభంలో నిర్బంధించారు. మరోసారి పోలీసులు సభ బయటికి ఈడ్చేశారు. సీటు ఖాళీ అయిందన్నప్పుడల్లా నార్తాంప్టన్ ఓటర్లు ఆయననే మళ్లీ ఎన్నుకున్నారు. ఆరేళ్లు నడిచిందా గొడవ. 1886లో గాని ఆయన సభ్యుడిగా నిలకడగా కూర్చోలేకపోయాడు. 1888లో ఆయన చొరవతోనే ప్రమాణాల చట్టం మారింది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. దేవుణ్ని నమ్మకపోయినా కిక్కురుమనకుండా ప్రమాణం చేసి కూర్చునే మనిషికి ఆ సభలో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా పైకి చెప్పినవాడికే. అంటే సభ శిక్షించింది నాస్తికతను కాదు, నిజం చెప్పడాన్ని. మన రాజ్యాంగం మూడో షెడ్యూలులో ఈ ఇబ్బంది లేదు. దేవుడి పేరున ప్రమాణం చేయవచ్చు, లేదా నిష్ఠతో ప్రతిజ్ఞ చేయవచ్చు. మంత్రుల ప్రమాణ స్వీకారం టీవీలో చూసేటప్పుడు 'దైవసాక్షిగా' అన్నదెవరో, అననిదెవరో మనం చెవులు రిక్కించి వింటాం. అనని ఒక్కడి గురించే మర్నాడు టీ కొట్టు దగ్గర మాట్లాడుకుంటాం. అన్నవాళ్లు తమ నమ్మకాన్ని చాటుకున్నారని ఎవరికీ తోచదు.

బ్రాడ్లా 1891 జనవరిలో చనిపోయాడు. లండనులో అప్పుడున్న భారతీయులు చాలామంది ఆయన అంత్యక్రియలకు వెళ్లారు. బారిష్టరు చదువుతున్న మోహన్‌దాస్ గాంధీ వాళ్లలో ఒకరు. తిరిగివచ్చేటప్పుడు రైల్వే స్టేషనులో చూసిన ఒక ముచ్చట ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. గుంపులోని ఒక నాస్తిక వీరుడు ఒక పాద్రీని పట్టుకుని నిలదీశాడు. భూమి చుట్టుకొలత ఇంతని ముందు ఆయనచేత ఒప్పించి, అయితే మీ దేవుడి కొలతలెంత, కాపురమెక్కడ అని అడిగాడు. మన ఇద్దరి హృదయాల్లోనూ ఉంటాడని పాద్రీ నెమ్మదిగా జవాబిచ్చాడు. నన్ను చిన్నపిల్లాణ్ని చేయకండంటూ ఆ వీరుడు గెలిచినవాడిలా చుట్టూ చూశాడు. ఈ సంభాషణ విన్నాక నాస్తికత మీద తనకున్న విముఖత ఇంకా పెరిగిందని గాంధీ రాశారు.

ఆరేళ్లు పోరాడిన మనిషిని సాగనంపి వస్తూ, ఆయన పేరుతోనే ఒకడు చేసిన ఆర్భాటం చూసి ఇరవయ్యొక్కేళ్ల కుర్రవాడు మొహం తిప్పుకున్నాడు. పేరు ఒకటే. ఒకరు దాన్ని మోశారు, మరొకడు దానితో ఎదుటివాణ్ని మొత్తాడు. పేరు చెప్పుకునేవాళ్ల మీద మనకుండే చిరాకు చాలావరకు ఈ రెండో రకంవాళ్ల పుణ్యమే.

అహంకారం అన్న అభియోగానికి నేరుగా జవాబు చెప్పినవాడు భగత్ సింగ్. ఆయన చదివిన లాహోర్ నేషనల్ కాలేజీ నడిచింది బ్రాడ్లా పేరున కట్టిన హాల్లోనే. 1930 అక్టోబరులో, ఉరిశిక్ష పడ్డ రోజుల్లో, జైల్లో బాబా రణధీర్ సింగ్ అనే పెద్దాయన ఆయనతో వాదించి ఓడి, పేరుప్రతిష్ఠలు తలకెక్కి నీకు దేవుడు కనపడడం లేదన్నారు. ఆ మాటకు జవాబుగా రాసిందే తానెందుకు నాస్తికుణ్నో వివరించిన ప్రసిద్ధ వ్యాసం. ఉరితీశాక, 1931 సెప్టెంబరులో అది అచ్చయింది. అందులో ఆయన వాదన సూటిగా ఉంటుంది. దేవుణ్ని నమ్మేవాడికి చావు తర్వాత స్వర్గమో మరో జన్మో ఉన్నాయన్న ఊరట ఉంది. తనకు అది లేదు, ఉరితాడు బిగిసిన క్షణంతో అంతా ముగిసిపోతుంది. ఆ ఊరటను చేతులారా వదులుకునేవాడికి అహంకారం వల్ల ఒరిగేదేమిటి? అహంకారం లాభం చూసుకుంటుంది. నష్టం తప్ప మరేమీ రాని చోట దాన్ని వెతకడం వృథా.

ఇప్పుడు గోరా గారి దగ్గరికి వద్దాం. గోపరాజు రామచంద్రరావు 1902లో గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టారు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబం. చదివింది వృక్షశాస్త్రం, చేసింది కాలేజీ ఉద్యోగం. జంధ్యం తీసేసి ఇంటికి దూరమయ్యారు. 1933లో నాస్తికుడన్న కారణాన కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నంలో దొరికిన కాలేజీ ఉద్యోగమూ నిలవలేదు. 1940లో భార్యాబిడ్డలతో కృష్ణా జిల్లా ముదునూరు చేరి అక్కడ నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. పాఠం చెప్పుకుంటూ ఊరుకుని ఉంటే హాయిగా ప్రిన్సిపాలై రిటైరయ్యేవారు. నమ్మకం లేని ఉపాధ్యాయులు ఆ రోజుల్లోనూ కొందరు ఉండే ఉంటారు. వాళ్లెవరి ఉద్యోగానికీ ముప్పు రాలేదు.

ఆయన భార్య సరస్వతీ గోరా గారి సంగతి ఇంకా గట్టిది. గర్భిణి గ్రహణం చూడకూడదని, కత్తిపీట ముట్టకూడదని, చీకటి గదిలో వెల్లకిలా కదలకుండా పడుకోవాలని, లేకపోతే బిడ్డ గ్రహణం మొర్రితో పుడుతుందని మన ఇళ్లలో నేటికీ భయం. ఆవిడ కడుపుతో ఉండి గ్రహణం వేళ బయటికి వచ్చారు. ఉపన్యాసానికి వాదనతో జవాబివ్వవచ్చు. నిండు గర్భిణి వాకిట్లో నిలబడితే ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఏ వాదనా చేయలేరు. బిడ్డ పుట్టేదాకా ఎదురుచూడవలసిందే. బిడ్డ ఆరోగ్యంగా పుట్టాక చెప్పవలసింది ఏమీ మిగలదు.

ముదునూరులో వాళ్లు చేసిన పనుల్లో ముఖ్యమైనవి పున్నమి రాత్రుల సహపంక్తి భోజనాలు. ఎవరి ఖర్చు వాళ్లది, కూర్చోవడం మాత్రం అందరూ ఒకే వరసలో. ఆ వరసలో కూర్చోవడమంటే నలుగురి కళ్లముందు ఒక మాట ఒప్పుకోవడం. ఎవరింట్లో వాళ్లు కులం లేదనుకుంటే ఊరికి తెలియదు. పక్కవాడి విస్తరి పక్కన నీ విస్తరి పడితే తెల్లారేసరికి బావి దగ్గర అందరికీ తెలుస్తుంది. పేరు వేసుకోవడం ఇక్కడ నోటి పనిగా లేదు, భోజనంగా మారింది.

గాంధీకి గోరా 1930లోనే ఉత్తరం రాశారు. దేవుడంటే మీ ఉద్దేశమేమిటని అడిగారు. దేవుడు మనిషి బుద్ధికి అందడని జవాబొచ్చింది. 1941లో కలుసుకుంటానంటే, నాస్తికత ఆత్మను కాదనడమేనని, మాట్లాడే తీరిక లేదని జవాబొచ్చింది. మీ చుట్టూ ఉన్న జనంలో మీరు చిత్తశుద్ధితో చేసిన పనే మీకు దక్కిన ఫలితానికి కారణమన్న మాట కూడా ఆ ఉత్తరంలోనే ఉంది. తలుపు మూస్తూ కిటికీ తెరిచి ఉంచారన్నమాట. 1944 చివర్లో సేవాగ్రాంలో ఇద్దరూ కలిశారు. దేవుడు లేని మనిషితో ఏం మాట్లాడనని గాంధీ అంటే, నేను దేవుడు లేనివాణ్ని కాదు, నాస్తికుణ్నన్నారు గోరా. రెంటికీ తేడా ఏమిటని గాంధీ అడిగారు. దేవుడు లేకపోవడం ఒక లోటు, నాస్తికత మనిషి తన కాళ్ల మీద తాను నిలబడే మార్గం అన్నది గోరా ఇచ్చిన జవాబు సారం.

అంతవరకే అయితే రైల్వే స్టేషను వాదానికీ దీనికీ తేడా ఉండేది కాదు. గాంధీని కదిలించింది అంటరానివాళ్ల వాడల్లో గోరా చేస్తున్న పని. తన ఆస్తికత సరైనదనీ మీ నాస్తికత తప్పనీ తాను అనలేనన్నంత దూరం గాంధీ వచ్చారని గోరా రాసుకున్నారు. గోరా పెద్ద కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి సేవాగ్రాంలో తానే చేయిస్తానని, దేవుడి పేరున అన్న చోట సత్యం పేరున అని మార్చుకుంటానని ఒప్పుకున్నారు. పెళ్లినాటికి గాంధీ లేరు. 1948 మార్చిలో, ఆయన హత్య జరిగిన కొద్ది వారాలకే, సేవాగ్రాంలోనే ఆ పెళ్లి జరిగింది. ఈ సంభాషణల పుస్తకాన్ని 1951లో అచ్చువేసింది కూడా గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థే. ఒక నాస్తికుడి వల్ల పెరిగిన విముఖత మరో నాస్తికుడి వల్ల తగ్గడానికి యాభై మూడేళ్లు పట్టింది.

పేరు వేసుకోవడంలో మరో కిటుకు ఉంది. అది ఎదుటివాళ్లకు చెప్పడమే కాదు, తనను తాను కట్టేసుకోవడం కూడా. దీనికి నాస్తికుల దగ్గరికి వెళ్లక్కర్లేదు. కార్తీకం వచ్చిందంటే మన వీధుల్లో అయ్యప్ప మాలలు కనిపిస్తాయి. నల్లబట్టలు, మెడలో మాల, కాళ్లకు చెప్పులుండవు. 41 రోజులు. నిన్నటిదాకా ఒరే అన్నవాడు 'స్వామీ' అంటాడు. ఆఫీసులో బాసూ స్వామీ అంటాడు. సాయంత్రం మందుకు పిలిచే స్నేహితులు పిలవడం మానేస్తారు. సిగరెట్ వెలిగించబోతే కిళ్లీ కొట్టువాడే "స్వామీ, మాలలో ఉన్నారు" అని గుర్తుచేస్తాడు. గుట్టుగా పూజగదిలో మొక్కుకున్న నియమం వారం తిరక్కుండా జారిపోవచ్చు. మెడలో కనపడే మాలను వందమంది కాపలా కాస్తారు. నాస్తికుణ్నని నలుగురిలో చెప్పినవాడి పరిస్థితీ ఇదే. రేపు వాడు చాటుగా ముహూర్తం చూసుకుంటే మొదట నవ్వేది పక్కింటివాడే. వెనక్కి తగ్గే దారి మూసుకోవడానికే కొందరు పైకి చెబుతారు. నమ్మేవాడూ నమ్మనివాడూ ఇక్కడ ఒకే తరహా మనుషులు.

తోడు వెతుక్కోవడం మరో కారణం. 1869లో లండనులో పండితుల చర్చాసంఘంలో కూర్చున్న శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీకి చుట్టూ ఉన్న ప్రతివాడికీ ఏదో ఒక వాదం పేరు ఉందని, తనకే లేదని తోచింది. తోక తెగిన నక్కలా ఉన్నానని చెప్పుకుని, దేవుడి సంగతి తెలియదనడానికి ఆగ్నాస్టిక్ అన్న పేరు కల్పించుకున్నాడు. ఒకడు పెట్టుకున్న పేరు చూసి, తమలో తాము నలిగిపోతున్న పదిమంది "నేనూ అంతే" అంటారు. ఎవరూ అనకపోతే ఎవరికి వారు తామొక్కళ్లమే అనుకుంటారు.

పేరు లేకపోతే లెక్కే ఉండదన్న సంగతి మన దగ్గర దళితులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' అన్న పేరు వద్దని ఆది ఆంధ్ర అన్న పేరు తీసుకుంది. ఊరు పెట్టిన పేరు తీసేసి, ఈ నేలకు మొదటివాళ్లం మేమేనన్న పేరు వాళ్లు వేసుకున్నారు. ఇవాళ షెడ్యూల్డ్ కులాల జాబితాలోనే అది ఉంది.

తర్వాత 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. దాని నాయకుడు మంద కృష్ణ పేరు చివర మాదిగ అని చేర్చుకున్నారు. ఆయన వెనక వేలమంది చేర్చుకున్నారు. పట్నంలో ఉద్యోగం వచ్చాక కులం దాచుకుని, అద్దె ఇంటి కోసం మరో కులం చెప్పుకుని, చుట్టాలు ఊరి నుంచి వస్తే ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని గుటకలు మింగిన తరం అది. ఆ ఇళ్ల కుర్రాళ్లే గోడల మీద, కరపత్రాల మీద, పెళ్లి శుభలేఖల మీద ఆ మాట రాసుకున్నారు. అదే మాటను ఇంకొకడు నలుగురిలో తిట్టుగా వాడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. బయటివాడి నోట నేరమైనది సొంత నోట గౌరవమైంది. శర్మ, రెడ్డి, చౌదరి అని పేరు చివర ఉంటే ఎవరూ తలెత్తి చూడరు. మాదిగ అని ఉంటే మాత్రం కులగజ్జి అన్నారు. ఏ పేరు చాటింపుగా వినిపిస్తుందో, ఏది మామూలు పేరుగా వినిపిస్తుందో నిర్ణయించేది ఎవరన్నది అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

దండోరాకు ఆత్మగౌరవం ఒక్కటే కారణం కాదు. ఎస్సీలని ఒకే మూటగా కడితే రిజర్వేషన్లలో ఎవరి వాటా ఎంతో తేలదన్నది వాళ్ల వాదన. ఆంధ్రప్రదేశ్‌లో వర్గీకరణ ఉత్తర్వు 1997లో వచ్చింది, చట్టం 2000లో వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని తీర్పిచ్చింది. ఇది దళితుల ఐక్యతకు దెబ్బ అని మాల సంఘాలు గట్టిగానే అన్నాయి. ఆ అభ్యంతరం తోసిపారేయదగ్గది కాదు. వేసుకున్న ప్రతి పేరూ ఎవరినో ఒకరిని గీతకు అవతల వదులుతుంది. అది తెలిసి వేసుకోవాలి.

గోరా కుటుంబం దీనికి ఎదురు దారిలో వెళ్లింది. గోపరాజు రామచంద్రరావు గోరా అయ్యారు. ఉప్పు సత్యాగ్రహం నాడు పుట్టిన కొడుక్కి లవణం అని, యుద్ధం వచ్చిన 1939లో పుట్టినవాడికి సమరం అని, తొమ్మిదో సంతానానికి నౌ అని పేర్లు పెట్టారు. ఆ పేర్లు వింటే కులం తెలియదు, మతం తెలియదు. ఒకరు దాచిపెట్టిన కులాన్ని బయటపెట్టి నిలబడ్డారు, మరొకరు పైకులం గుర్తును చెరిపేసి నిలబడ్డారు. ఇద్దరూ చేసింది ఒకే పని. పుట్టుకతో రాసి ఉన్న రాతను అలాగే ఉండనివ్వలేదు. కిందివాడు చెరిపేసుకుంటే భయపడ్డాడంటారు, పైవాడు చెప్పుకుంటే గర్వమంటారు. కనక ఎవరు చెప్పుకోవాలో ఎవరు చెరుపుకోవాలో వాళ్లు నిలబడ్డ చోటును బట్టి ఉంటుంది.

ఇక ముందు వాయిదా వేసిన సంగతి. దిద్దుబాటుకూ డాబుకూ తేడా ఎలా తెలుస్తుంది? రోడ్డు మీద కార్ల అద్దాలు చూడండి. కులం పేర్లుంటాయి, పోలీస్ అని ఉంటుంది, ప్రెస్ అని ఉంటుంది, అడ్వకేట్ అని ఉంటుంది. చౌరస్తాల్లో ఫ్లెక్సీల మీద కులసంఘాల నాయకులు నమస్కారం పెడుతూ ఉంటారు. ఇవీ బహిరంగంగా వేసుకున్న పేర్లే. వీటిని చూసి ట్రాఫిక్ కానిస్టేబుల్ పక్కకు తప్పుకుంటాడు. నా పరీక్ష ఇంతే: పేరు చెప్పాక అద్దె ఇల్లు దొరికిందా, పోయిందా? దొరికితే అది పలుకుబడి. పోయినా చెప్పాడంటే అది సత్యం. గోరాకు ఉద్యోగాలు పోయాయి. బ్రాడ్లాకు ఆరేళ్లు సీటు పోయింది. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌కు 2013లో పుణెలో ప్రాణమే పోయింది.

ఈ పరీక్ష పేరు చెప్పుకునేవాళ్లకూ వర్తిస్తుంది. నిన్న ఖరీదైన పేరు ఇవాళ చవకైపోవచ్చు. సాటి నాస్తికుల సభలో నాస్తికుణ్నని చెప్పడానికి గుండెధైర్యం అక్కర్లేదు, ఇవాళ నాకూ అక్కర్లేదు. అలాంటి చోట పేరు పక్కన పెట్టి, పని ఏం చేశామో చెప్పుకోవాలి. ఇంకొకటి కూడా ఉంది. చెప్పినవాడు వీరుడు కావచ్చు గాని చెప్పనివాడు పిరికివాడు కాడు. ముదునూరు వంటి ఊరు అక్కున చేర్చుకోబట్టి గోరా కుటుంబం నిలబడింది. అత్తింట్లో బతుకుతున్న కోడలికి, కంపెనీ క్వార్టర్స్‌లో కూలీకి ఆ ఊరు ఎక్కడుంది? తన పేరు తాను చెప్పుకునే హక్కు ఉన్నవాడికి పక్కవాడి పేరు బయటపెట్టే హక్కు లేదు. ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఎవరికి వారు తేల్చుకోవలసిన సంగతి.

చెప్పకపోయినా తప్పుడు పేరు అంటుకోని ఏర్పాటు చేయడం మిగతా అందరి బాధ్యత. అది అసాధ్యమేమీ కాదు. 2019లో తమిళనాడు తిరుపత్తూరులో ఒక మహిళా న్యాయవాది ఏళ్ల తరబడి తిరిగి కులం లేదు, మతం లేదు అన్న ధ్రువపత్రం తహసీల్దారు నుంచి సంపాదించారు. 2023లో తెలంగాణ హైకోర్టు, బిడ్డ జనన ధ్రువీకరణ దరఖాస్తులో కులం లేదు, మతం లేదు అన్న కాలమ్ కూడా ఉంచాలని ఆదేశించింది. ఆ తల్లిదండ్రులు కోర్టుదాకా వెళ్లవలసి వచ్చిందంటే, దరఖాస్తు ఫారంలో అప్పటిదాకా అటువంటి మనుషులకు చోటే లేదన్నమాట. ఫారంలో చోటుంటే వాళ్లు వార్తలకెక్కేవాళ్లే కాదు. పేరు చాటుకోవడం మీకు నచ్చకపోతే, చాటుకునే అవసరాన్ని తగ్గించండి. అంతకు మించిన మందు లేదు.

ఆ అవకాశం ఇప్పుడు మన గుమ్మం ముందుకే వస్తోంది. 2027 జనాభా లెక్కల్లో కులం కూడా లెక్కిస్తామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు చాలా ఇళ్లలో ఇంటాయన ఒక్కడే కుర్చీలో కూర్చుని అందరి తరఫునా జవాబులు చెప్పేస్తాడు. వయసొచ్చిన కొడుకు మతం, చదువుకున్న కోడలి కులం, ముసలి తల్లి భాష అన్నీ ఆయన నోటనే రికార్డుకెక్కుతాయి. ఈ సభలో ఉన్న ఇంటి పెద్దలకు నా మనవి ఒక్కటే. ఆ రోజు ఇంట్లో ఉన్న పెద్దవాళ్లందరినీ వాకిట్లోకి పిలవండి. ఎవరి జవాబు వాళ్లని చెప్పనివ్వండి. మీకు నచ్చని జవాబు వస్తే మధ్యలో అందుకోకండి. చెప్పనన్నవాళ్ల తరఫున మీరు చెప్పకండి.